బండికి పోసే మక్కలు

మక్కగటక, జొన్నగటక తిని పెరిగినవాళ్ళం మనం. గింజ మొదట మనిషిది, తర్వాత పశువుది, కల్లంలో రాలింది పిట్టది. ఈ వరుస మనకు బడిలో ఎవరూ చెప్పలేదు, ఇంట్లోనే నేర్చుకున్నాం. ఈ మధ్య ఆ వరుసలోకి బండి కూడా వచ్చి కూర్చుంది. ఈరోజు బంకులో పోయించుకునే పెట్రోల్‌లో ఐదో వంతు దాకా ఇథనాల్ ఉంటోంది. ఆ ఇథనాల్ మక్కల నుంచి, బియ్యం నుంచి, చెరకు నుంచి వస్తోంది. తినే గింజను కాల్చి బండి నడపడం న్యాయమేనా? మన పిల్లలు అడగవలసిన ప్రశ్న ఇది. ఉపాధ్యాయులం కాబట్టి, జవాబు కన్నా ముందు ప్రశ్నను సరిగ్గా అడగడం మనం నేర్పాలి.

ముందు వస్తువును తెలుసుకుందాం. ఇథనాల్ మనకు కొత్తది కాదు. ఇప్పపువ్వును నానబెట్టి, పులియబెట్టి, కుండలో కాచి, ఆవిరిని చల్లార్చి పట్టే సారాలో మత్తునిచ్చేది అదే. పువ్వులోని తీపిని కంటికి కనిపించని సూక్ష్మజీవులు తిని ఇథనాల్‌గా మారుస్తాయి. ఫ్యాక్టరీలో జరిగేదీ ఇదే పని. అక్కడ మక్కలను పిండి చేసి, పిండిని చక్కెరగా మార్చి, పులియబెట్టి, వేడిచేసి, చివరికి నీటి చుక్క మిగలకుండా ఆరబెడతారు. మన పెద్దలు కుండతో చేసిన పనిని వాళ్ళు వందల అడుగుల గొట్టాలతో చేస్తున్నారు.

ప్రభుత్వం 2018లో జీవ ఇంధనాల జాతీయ విధానం తెచ్చింది. పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలపాలని, 2030కి అది పూర్తి కావాలని అందులో రాసుకుంది. 2022లో ఆ గడువును 2025-26కు ముందుకు జరిపింది. 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ప్రధానమంత్రి ఈ20 పెట్రోల్‌ను ప్రారంభించారు. 2025 నాటికి దేశమంతా అదే మామూలు పెట్రోల్ అయిపోయింది.

ఈ విషయం మీద నగరంలో ఏ మాట నడుస్తోందో తెలియాలంటే హైదరాబాద్‌లో హిమాయత్‌నగర్ వీధి చాలు. తెలుగు అకాడమి పుస్తకాల కోసం మాలాంటి ఏజెన్సీ టీచర్లు వెళ్ళి వచ్చే చోటు అది. లిబర్టీ చౌరస్తా దగ్గర సిగ్నల్ పడితే, ఆటోల మధ్య కోటి రూపాయలు దాటిన కార్లు కూడా ఆగి ఉంటాయి. అక్కడినుంచి కాస్త దిగితే హుస్సేన్‌సాగర్. 2023 ఫిబ్రవరి 11న ఆ సాగర్ ఒడ్డునే ఫార్ములా ఈ కార్ల పందెం జరిగింది. అవి కరెంటుతో నడిచే కార్లు, పెట్రోల్ తాగవు. బెంగళూరులో ఈ20 మొదలైన ఐదు రోజులకే ఇక్కడ ఆ పందెం నడిచింది. రేపటి బండి కరెంటుదా, గింజలదా అనేది దేశం ఇంకా తేల్చుకోలేదని ఆ వారం చూస్తేనే తెలుస్తుంది.

ఖరీదైన కార్లు ఉన్నవాళ్ళ ఫిర్యాదు ఒకటే. ఇథనాల్ వల్ల ఇంజన్ పాడవుతుందని, మైలేజీ పడిపోతుందని. ఇందులో ఎంత నిజముందో సైన్సు టీచర్లు పిల్లలకు చెప్పగలగాలి.

ఇంజన్‌లో గాలి, పెట్రోల్ కలిసిన మిశ్రమాన్ని గట్టిగా నొక్కి మండిస్తారు. ఎంత గట్టిగా నొక్కితే అంత బలం వస్తుంది. నొక్కుడు మరీ ఎక్కువైతే, రవ్వ వేసిన మంట అందకముందే మిశ్రమంలో కొంత తనంతట తనే అంటుకుంటుంది. అప్పుడు ఇంజన్ టకటకమని కొట్టుకుంటుంది. అలా అంటుకోకుండా తట్టుకునే గుణాన్ని ఆక్టేన్ సంఖ్యతో కొలుస్తారు. మన దేశంలో మామూలు పెట్రోల్‌కు అది 91గా ఉండేది. ఇథనాల్‌కు 108 దాకా ఉంటుంది. పైగా ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు లోపలి వేడిని పీల్చుకుని ఇంజన్‌ను చల్లబరుస్తుంది. అమెరికాలో ఇండీకార్ పందాల వాళ్ళు 2007లో ఇథనాల్‌కు మారారు. ఫార్ములా వన్ కార్లలో 2022 నుంచి 10 శాతం ఇథనాల్ కలిపారు. వేగం కోసం పుట్టిన బండికి ఇథనాల్ శత్రువు అనే మాట సగమే నిజం. దానికి తగ్గట్టు తయారైన ఇంజన్‌కు అది బలమైన మేత.

రెండో సగం కూడా చెప్పాలి. లీటరు పెట్రోల్‌లో ఉన్నంత శక్తి లీటరు ఇథనాల్‌లో ఉండదు. సుమారు మూడో వంతు తక్కువ. 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన నివేదిక ప్రకారం, ఇథనాల్ లేని పెట్రోల్‌కు తయారై 10 శాతానికి సరిచేసిన కార్లలో ఈ20 పోస్తే మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గుతుంది. అలాంటి మోటార్ సైకిళ్ళలో 3 నుంచి 4 శాతం. ఇథనాల్‌కు నీటిని పీల్చే గుణం ఉంది. పాతకాలపు రబ్బరు గొట్టాలను అది తినేస్తుంది. దానికి తగ్గట్టు తయారు కాని బండికి నష్టం ఉన్నమాట వాస్తవం.

ఆ నష్టం అందరికీ ఒక్క తీరుగా లేదు. మొదటి అన్యాయం ఇక్కడే కనిపిస్తుంది. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబర్‌లో ఎక్స్‌పీ 100 అనే పెట్రోల్ తెచ్చింది. ఆక్టేన్ 100. ఢిల్లీలో మొదట్లో లీటరు 160 రూపాయలు. దాన్ని తెచ్చిన నగరాల్లో హైదరాబాద్ కూడా ఉంది. ఇథనాల్ లేని పెట్రోల్ అని ఖరీదైన కార్లవాళ్ళు దాన్ని వెతుక్కుంటూ వెళ్తున్నారు. డబ్బున్నవాళ్ళకు ఎంచుకునే వీలుంది. మన ఏజెన్సీలో పదేళ్ళ పాత బండి మీద గూడెం బడికి వెళ్ళే టీచర్‌కు, సంతకు పోయే రైతుకు ఆ వీలు లేదు. చాలా గూడేల్లో పెట్రోల్ దొరికేది కిరాణా కొట్టులో, సీసాల్లో. వానాకాలం తేమలో, సరిగ్గా బిగించని మూత కింద, నీటిని పీల్చే ఇంధనం ఎన్నాళ్ళు బాగుంటుంది? ఇథనాల్ లేని పెట్రోల్ కూడా అమ్మాలని, ఎంత కలిపారో బంకు దగ్గర రాసి పెట్టాలని కోరుతూ ఒకరు సుప్రీంకోర్టుకు వెళ్తే, 2025 సెప్టెంబర్ 1న ఆ పిటిషన్‌ను కోర్టు కొట్టివేసింది. ఎంపిక అనేది హక్కుగా రాలేదు. ధర కట్టగలిగినవాళ్ళకు సరుకుగా మాత్రం మిగిలింది.

ఇంజన్ గురించిన మాట అంతటితో ఆపి గింజ దగ్గరికి వద్దాం. క్లాసులో నల్లబల్ల మీద వేయగలిగిన లెక్క ఇది. పెద్ద కారు ట్యాంకు 60 లీటర్లు అనుకుందాం. ఈ20 నింపితే అందులో 12 లీటర్లు ఇథనాల్. టన్ను మక్కల నుంచి సుమారు 380 లీటర్లు వస్తుంది. అంటే 12 లీటర్లకు 31 కిలోలకు పైగా మక్కలు కావాలి. బియ్యమైతే టన్నుకు 450 లీటర్లు, అంటే దాదాపు 27 కిలోలు. తెలంగాణలో రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోల బియ్యం ఇస్తారు. ఒక ట్యాంకు నింపితే నలుగురు మనుషుల నెల రేషన్ దాటిపోయింది. చెరకు నుంచి తీస్తే, లీటరు ఇథనాల్‌కు సాగునీటితో కలిపి 2,860 లీటర్ల నీళ్ళు కావాలని నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. 12 లీటర్లకు 34 వేల లీటర్లు దాటుతుంది. ఎండాకాలం రెండు బిందెల కోసం చెలిమ దగ్గర కూర్చునే ఆడవాళ్ళకు ఈ అంకె చెప్పి చూడండి.

ఈ లెక్కకు అవతలివాళ్ళ జవాబు కూడా వినాలి. వినకుండా తీర్పు చెప్పడం మన పంచాయతీ పద్ధతి కాదు. మొదటి జవాబు, దేశం తన ముడిచమురులో ఎక్కువ భాగం బయటినుంచి కొంటోంది, ఇథనాల్ కలిపినంత మేర ఆ డబ్బు ఇక్కడే ఉండి రైతుకు చేరుతుంది. ఇది నిజమే. మక్కలకు గిరాకీ పెరిగితే ఆసిఫాబాద్ రైతుకు కూడా నాలుగు పైసలు ఎక్కువ వస్తాయి. రెండో జవాబు, ఇథనాల్‌కు ఇచ్చే బియ్యం గోదాముల్లో మిగిలిపోయినవి. మూడో జవాబు, పిండి తీసిన తర్వాత మిగిలిన మక్కపిప్పి పశువులకు, కోళ్ళకు దాణాగా పనికొస్తుంది. ఇదీ నిజమే. గింజ అంతా పొగైపోతుందని మనం చెప్పకూడదు.

కానీ రెండో జవాబు దగ్గర ఆగి ఆలోచించాలి. 2024-25లో భారత ఆహార సంస్థ నుంచి 52 లక్షల టన్నుల బియ్యం ఇథనాల్‌కు కేటాయించారు. కిలో 22 రూపాయల 50 పైసలకు. రక్తం తక్కువై నీరసించే తల్లులు, వయసుకు తగ్గ ఎత్తు ఎదగని పిల్లలు మన గూడేల్లో ఉండగా, దేశంలో బియ్యం మిగిలాయి అనే మాటకు అర్థం ఏమిటి? కడుపులు నిండి మిగిలాయా, కడుపుల దాకా చేరక మిగిలాయా? మా బడిలో మధ్యాహ్న భోజనం దగ్గర రెండోసారి పళ్ళెం చాపే పిల్లవాడిని చూసినవాళ్ళకు ‘మిగులు’ అనే మాట అంత తేలిగ్గా నోట రాదు. ఇది మొదటి నీతి ప్రశ్న. మిగిలిందో లేదో తేల్చే అధికారం గోదాము లెక్కదా, ఆకలిదా?

రెండో ప్రశ్న చరిత్రలో ఉంది, మన ఇప్పచెట్టు కిందే ఉంది. బండికి మన అడవిని తాపాలనే ఆలోచన ఈనాటిది కాదు. సుమారు వందేళ్ళ కిందట, మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లో, లండన్‌లోని ఇంపీరియల్ ఇన్‌స్టిట్యూట్ ఇప్పపువ్వును మోటారు ఇంధనంగా లెక్కగట్టింది. టన్ను ఎండు పువ్వు నుంచి 90 గాలన్ల ఆల్కహాల్ వస్తుందని రాశారు. ఒక్క హైదరాబాద్ సంస్థానంలోనే, స్థానికంగా సారాకు పోయేది పోగా, ఏటా 7 లక్షల గాలన్ల సారాయి తీయగలిగినన్ని ఇప్పచెట్లు ఉన్నాయని కూడా రాశారు. ఇప్పచెట్టు మన పిల్లలకు తిండి, దీపానికి నూనె, దేవుడికి ధార. ఆ లెక్కలో మాత్రం అది గాలన్లే.

అదే కాలంలో మనిషి వైపు ఏం జరిగిందో చూడండి. ఫస్లీ 1316లో, అంటే 1906-07 ప్రాంతంలో, హైదరాబాద్ ఆబ్కారీ చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా సారా కాచడం నేరమైంది. సర్కారు డిస్టిలరీల్లో ఒకటి హిమాయత్‌నగర్‌ను ఆనుకుని ఉన్న నారాయణగూడలోనే ఉండేది. సర్కారు కాస్తే ఆదాయం, ఆదివాసీ కాస్తే నేరం. ఈనాటికీ పండుగకు కుండ పెట్టిన ఇంటి మీద ఆబ్కారీ జీపు వస్తుంది. సారా మంచిదని మేము చెప్పడం లేదు. తాగి చెడిన ఇళ్ళను రోజూ చూస్తున్న టీచర్లం మేము. మేము చెప్పేది ఒక్కటే. ఇథనాల్ చుక్క అదే, రసాయనం అదే. అది పేదవాడి కుండలో ఉంటే నేరంగా, ఫ్యాక్టరీ గొట్టంలో ఉంటే దేశసేవగా కనిపిస్తోందంటే, తేడా ఇథనాల్‌లో లేదు, అధికారంలో ఉంది.

మూడో ప్రశ్న మన పొలిమేరలో లేచింది. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ దగ్గర ఇథనాల్ ఫ్యాక్టరీ కడుతుంటే చుట్టుపక్కల ఊళ్ళ జనం వద్దన్నారు. నీళ్ళు పోతాయని, గాలి కంపు కొడుతుందని వాళ్ళ భయం. 2024 నవంబర్ చివర్లో ఆడవాళ్ళు, పిల్లలు సహా రోడ్డు మీదికి వచ్చి నిర్మల్–భైంసా దారిని దిగ్బంధం చేశారు. ఆర్డీవోను గంటల తరబడి కదలనివ్వలేదు. పనులు ఆపుతున్నట్టు ప్రభుత్వం చెప్పేదాకా వాళ్ళు లేవలేదు. అంతకుముందు నారాయణపేట జిల్లా చిత్తనూరులో, ఆ తర్వాత 2025లో గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో ఇదే గొడవ. మూడు చోట్లా జనం అడిగిన మొదటి మాట ఇంచుమించు ఒక్కటే. మమ్మల్ని అడిగారా?

చాలా చోట్ల అడగనక్కర లేకుండా నిబంధనే మారింది. ఫ్యాక్టరీ పెట్టే ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని పర్యావరణ నిబంధనల్లో ఉంది. 2021లో కేంద్రం చేసిన సవరణతో, పెట్రోల్‌లో కలపడానికే ఇథనాల్ తీసి, వ్యర్థజలం బయటికి వదలమని చెప్పే ధాన్యపు డిస్టిలరీలను ఆ సేకరణ అక్కరలేని తరగతిలో చేర్చారు. గడువు దగ్గరికి జరిగింది కాబట్టి పని త్వరగా కావాలి, త్వరగా కావాలి కాబట్టి అడగడం మానేయాలి. హిమాయత్‌నగర్ సిగ్నల్ దగ్గర కారుకు ఉన్న తొందర ఇలా దిలావర్‌పూర్ దాకా చేరింది.

ఇక మన పెద్దల దగ్గర ఈ ప్రశ్నకు ఏమైనా జవాబు ఉందా? ఉందనే మేము అనుకుంటున్నాం. మన గోండు, కోయ, కొలాం గూడేల్లో కొత్త గింజ వచ్చినా, ఇప్పపువ్వు రాలినా, మామిడికాయ పట్టినా, కొత్తల పండుగ చేయకుండా నోట పెట్టరు. ముందు నేలతల్లికి, పెద్దలకు చూపించి, ఊరంతా కలిసి, అప్పుడే తింటారు. దీన్ని మూఢనమ్మకం అని నవ్వేవాళ్ళు ఉన్నారు. ఇందులో మూడు నియమాలు ఉన్నాయి. ఒకటి, తీసుకునే ముందు అడగాలి. రెండు, అందరికీ చేరేదాకా ఎవరూ ముందుగా తినకూడదు. మూడు, మళ్ళీ కాయడానికి కొంత వదిలి రావాలి. ఈ మూడు నియమాలూ చదువు రానివాళ్ళ చేతిలో ఇన్ని తరాలు నిలిచాయి. ఈ20 విధానాన్ని వీటి పక్కన పెట్టి కొలవండి. ఊళ్ళను అడిగారా? కడుపులకు చేరిన తర్వాతే బండికి పోశారా? నీటిని, నేలను మళ్ళీ కాసేలా వదిలారా? మూడింటికీ అవునని వచ్చిన చోట ఇథనాల్ మంచిదే. రాని చోట, దాని ఆక్టేన్ సంఖ్య ఎంత ఉన్నా అది న్యాయం కాదు.

మన యువకులు ఒక మాట అడుగుతారు. ‘సార్, మీరూ బండి మీదే వస్తున్నారు కదా. ఫ్యాక్టరీ వస్తే మాకు పని దొరుకుతుంది కదా.’ రెండూ న్యాయమైన మాటలే. బండి లేకుండా ఈరోజు బడి లేదు, నొప్పులు పడుతున్న తల్లికి ఆసుపత్రి లేదు. అవసరానికి నడిచే బండి, సరదాకు పరుగెత్తే బండి రెండూ ఒకే ఇంధనం తాగుతాయి. మూడు సెకన్లలో వంద వేగం అందుకోవడానికి కాలిన గింజ, అంబులెన్సు నడవడానికి కాలిన గింజ ఒక్కటే అని మనం ఒప్పుకోనక్కర లేదు. అవసరానికి ముందు, సరదాకు తర్వాత. కొత్తల్లోని రెండో నియమం అదే చెబుతోంది. పని విషయంలో కూడా అంతే. ఉద్యోగం అడగండి, తప్పకుండా అడగండి. దానితోపాటు ఎన్ని ఉద్యోగాలు, ఎంతమందికి, ఏ నీళ్ళు వాడతారు, మురుగు ఎటు పోతుంది అని గ్రామసభలో కాగితం మీద అడగండి. షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకు 1996 పెసా చట్టం బలం ఇచ్చింది. 2013లో ఒడిశా నియమగిరిలో పన్నెండు గ్రామసభలు ఒక్కొక్కటిగా కూర్చుని గని వద్దని చెప్పాయి. అడిగితేనే కదా వద్దనడానికో, సరేననడానికో వీలు.

రేపు ఇంకో అడుగు పడబోతోంది. తినే గింజ నుంచి కాకుండా గడ్డి నుంచి, వెదురు నుంచి ఇథనాల్ తీసే ఫ్యాక్టరీలు మొదలయ్యాయి. పానిపట్‌లో వరిగడ్డి నుంచి తీసేది 2022లో, అస్సాంలో వెదురు నుంచి తీసేది 2025లో ప్రారంభించారు. తిండి మీద భారం తగ్గుతుంది కాబట్టి ఇది మంచి దారే. కానీ వెదురు ఎక్కడ ఉంటుంది? మన దగ్గరే ఉంటుంది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్న తరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, దాని మీద హక్కు అడవి మనుషులకు ఇచ్చింది. ఇప్పపువ్వును గాలన్లుగా లెక్కగట్టిన చూపు రేపు మన వెదురు పొదల మీద పడినప్పుడు, ఆ చట్టం పేరు, దాని అర్థం తెలిసిన పిల్లలు ప్రతి గూడెంలో ఉండాలి.

అందుకే ఉపాధ్యాయులకు మా మనవి. ఇంధనాల పాఠం వచ్చినప్పుడు ట్యాంకు లెక్క వేయించండి. పన్నెండు లీటర్లకు ఎన్ని కిలోల మక్కలో పిల్లల చేతనే కట్టించండి. ఇప్పసారా కాచే పద్ధతిని, డిస్టిలరీ బొమ్మను పక్కపక్కన గీయించండి. మన అమ్మమ్మకు తెలిసిన రసాయన శాస్త్రం ఎంతో పిల్లలకు అప్పుడు తెలుస్తుంది. తర్వాత తరగతిని రెండు జట్లు చేసి వాదించనివ్వండి. ఒక జట్టు దేశం డబ్బు మిగలాలని అంటుంది, ఒక జట్టు గింజ కడుపుకే అంటుంది. ఎవరు గెలిచారో మీరు చెప్పకండి. ఇద్దరి చేతా చివరికి ఒక్క ప్రశ్న అడిగించండి: తీసుకునే ముందు అడిగారా?

నగరంలో కారు యజమాని ఇథనాల్ తన ఇంజన్‌కు పడుతుందా అని అడుగుతున్నాడు. అడగనివ్వండి, అది అతని సొమ్ము. మన గింజ, మన నీళ్ళు, మన పువ్వు గురించి అడగవలసినవాళ్ళం మనం. మనం అడగకపోతే మన తరఫున అడిగేవాళ్ళు లేరు.